వస్తున్నానండీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1985 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న మా గురువులకు, సంఘం అధ్యక్ష కార్యదర్శులకు, నాకంటే ముందు ఈ బడి బల్లల మీద పేర్లు చెక్కిన పెద్దలకు, నా తర్వాత వచ్చి ఆ పేర్ల మీదే తమ పేర్లు చెక్కిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం "టెలికాం రంగంలో నా అనుభవాలు". ఇరవై నిమిషాల సమయం ఇచ్చారు. నేను బుద్ధిగా ఆరు కాగితాలు రాసుకుని వచ్చాను. రాత్రి పదకొండున్నరకి బసకి తిరిగొచ్చాక ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. నిన్న రాత్రి మా బ్యాచ్ వాళ్లం పందొమ్మిది మందిమి కలిసి భోజనానికి వెళ్లాం. ఈ పూట ఆ భోజనం గురించే మాట్లాడతాను. టెలికాం కూడా దారిలో తగులుతుంది, కార్యదర్శి గారు కంగారు పడక్కర్లేదు.

కాలువ గట్టు మీది హోటలు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది కొంచెం ఫిర్యాదులా ఉంటుంది. పైన రేకులు, కింద సిమెంటు గచ్చు, పన్నెండు బల్లలు. మూల నున్న టీవీలో పాత సినిమా నడుస్తుంది గానీ మాట ఒక్కటీ వినపడదు. సంక్రాంతి వెళ్లి వారం కూడా కాలేదు కదా, నిన్న రాత్రి ప్రతి బల్ల దగ్గరా కోడిపందేల లెక్కలే. ఏ కోడి ఎలా ఎగిరిందో ఒకాయన కుర్చీలోంచి లేచి మరీ చూపిస్తున్నాడు. పక్క బల్ల దగ్గర పెళ్లి సంబంధం మాట్లాడుతున్నారు, ఆ వెనకాల ఎవరో రొయ్యల చెరువు లీజు గురించి పోట్లాడుకుంటున్నారు. అందరూ అందరి మాటల్లోనూ కలగజేసుకుంటున్నారు. మనిషి మనిషితో మాట్లాడే ఇలాంటి చోటు నేనుండే హైదరాబాదులో నాకు దొరకలేదు. అక్కడ హోటల్లో పక్క బల్లవాడి వైపు చూస్తేనే తప్పు.

అక్కడ మెనూ కార్డు లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు భుజం మీద తువ్వాలుతో వచ్చి ఊపిరి తీసుకోకుండా చదివాడు. కొరమేను పులుసు, చందువ వేపుడు, గోంగూర రొయ్యలు, నాటుకోడి, గుత్తివంకాయ, ముద్దపప్పు, చారు, పెరుగు. అన్నీ చెప్పాం. వాడు "వస్తున్నానండీ" అని వెళ్లాడు. అంతే, గంటా పది నిమిషాలు.

అన్యాయం ఏమిటంటే, మాలో శాకాహారులు ముగ్గురున్నారు. గుత్తివంకాయ పొద్దున్నే వండి పెట్టింది కాబట్టి వాళ్లకి ముందే వచ్చేసింది. మా ఎదురుగా కూర్చుని, వేడన్నంలో వంకాయ నూనె కలుపుకుని, అయ్యో మీకింకా రాలేదా అంటూ తిన్నారు. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత ఒకరినొకరు చూసుకున్న స్నేహం ఆ పది నిమిషాల్లో తెగిపోయేదే.

ఆ తర్వాత కొరమేను పులుసు వచ్చింది. చింతపండు పులుపు ముందు నాలుకకి తగిలి, ఆ వెనక మెంతి వాసన వచ్చి, ముక్క వేలు పెడితే విడిపోయి, ముల్లు మాత్రం నిలబడి ఉంది. చందువని మేం చెప్పాకే కోసి, కారం పట్టించి, పెనం మీద వేశారు. అంచులు కరకరలాడుతున్నాయి, లోపల తెల్లగా, తడిగా ఉంది. గోంగూరలో రొయ్యలు వేస్తే రొయ్య ఓడిపోతుందని నా అభిప్రాయం. నిన్న రాత్రి ఆ అభిప్రాయం మార్చుకున్నాను. అమెరికా నుంచి వచ్చిన మా మిత్రుడు మూడోసారి అన్నం పెట్టించుకుని, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే అది కారం వల్లనే అన్నాడు. మేం ఏమీ అనలేదు.

అయితే అదే మిత్రుడు ఆ గంటా పది నిమిషాల్లో ఏం చేశాడో కూడా చెప్పాలి. నలభయ్యో నిమిషం దగ్గర వాడికి ఓపిక పోయింది. "మా ఊళ్లో అయితే టిప్పు ఇవ్వకుండా లేచిపోతాం" అన్నాడు. తర్వాత కుర్రాణ్ని పిలిచి గట్టిగా, "ఏమయ్యా, లోపల నిద్రపోతున్నావా?" అన్నాడు. కుర్రాడు తల వంచుకుని "వస్తున్నానండీ" అన్నాడు. బల్ల దగ్గర అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వాక్యం నాది. నలభై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో, ఇంకో హోటల్లో, అచ్చంగా అవే మాటలు నేను ఇంకొకరిని అన్నాను.

అది చెప్పే ముందు టెలికాం.

డెన్మార్కు దేశంలో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అని ఒక లెక్కల మనిషి పనిచేసేవాడు. పూర్తి పేరు ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. ఆయన ముందున్న ప్రశ్న చాలా మామూలుది. ఊళ్లో ఇన్ని ఫోన్లున్నాయి, అందరూ ఒకేసారి మాట్లాడరు. అందుకని ఎన్ని లైన్లు వేస్తే చాలు? ఎక్కువ వేస్తే డబ్బు దండగ, తక్కువ వేస్తే జనం తిడతారు. 1909లో ఒక వ్యాసం, 1917లో ఇంకొకటి రాసి దానికి జవాబు చెప్పాడు. టెలిఫోన్ రద్దీని కొలిచే కొలమానానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పల్లెటూళ్లకి సీ-డాట్ వాళ్లు తయారుచేసిన 128 పోర్టుల చిన్న ఎక్స్ఛేంజీలు పెట్టేవాళ్లం. ఏసీ అక్కర్లేదు, పంచాయతీ గది ఒకటి ఇస్తే చాలు. ఊరంతటికీ ఫోన్లుంటాయి గానీ ఆ ఊరి నుంచి బయటికి వెళ్లే లైన్లు నాలుగో ఎనిమిదో. మామూలు రోజుల్లో ఎవరికీ తేడా తెలియదు. సంక్రాంతికి మాత్రం కొడుకులూ కూతుళ్లూ అందరూ ఒకేసారి చేస్తారు, అప్పుడు లైన్లన్నీ వాడుకలో ఉన్నాయి, కాసేపాగి చేయండి అని ఒక అమ్మాయి గొంతు చెప్పేది. గుర్తుందా? అంతకుముందు ట్రంకు కాల్ రోజులు తెలిసిన పెద్దలూ ఇక్కడున్నారు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు రకాలు. ఆర్డినరీ బుక్ చేసి ఇంటికెళ్లి భోంచేసి, కునుకు తీసి రావచ్చు.

ఎర్లాంగ్ లెక్కని హోటలుకి పెట్టి చూద్దాం. నిన్న రాత్రి మావాళ్లు విసుక్కుంటుంటే నేను చేసిన పని అదే. పన్నెండు బల్లల దగ్గర నలభై ఎనిమిది మంది ఉన్నారు. అరగంటలో పదహారు మంది లోపలికి వచ్చారు, సుమారు అంతే మంది వెళ్లారు. అంటే గంటకి ముప్పై రెండు మంది. నలభై ఎనిమిదిని ముప్పై రెండుతో భాగిస్తే ఒకటిన్నర. లోపలికి వచ్చిన మనిషి సగటున గంటన్నర ఉంటున్నాడన్న మాట. గడియారం పట్టుకుని ఒక్కొక్కడి వెనక తిరగక్కర్లేదు. దీన్ని 1961లో జాన్ లిటిల్ అనే ఆయన రుజువు చేశాడు. సూత్రం ఇంత చిన్నది కాబట్టి ఆయన పేరు అంతకుముందే అలా ఉందని మా క్లాసులో జోకు వేసేవాడిని. పాపం ఎవరూ నవ్వేవారు కాదు. మీరూ నవ్వలేదు.

సరే, ఆలస్యం ఎక్కడ? వంట దగ్గర కొంత ఉంది, చేప వేగే సమయం ఎవరూ తగ్గించలేరు. కానీ అసలు ఇరుకు ఆ కుర్రాడి దగ్గర ఉంది. పన్నెండు బల్లలకీ వాడొక్కడే. ప్రతి బల్లా వాడిని ఆరేడుసార్లు పిలుస్తుంది. నీళ్లకి, ఆర్డరుకి, కూరకి, మారు అన్నానికి, పెరుగుకి, బిల్లుకి, మధ్యలో ఉల్లిపాయ ముక్కకి. బల్ల తుడిచేదీ వాడే.

ఇప్పుడు చూడండి. ఒక్కో పిలుపుకి వాడికి సగటున రెండు నిమిషాలు పడుతుందనుకుందాం. జనం ఒక వరస లేకుండా, తోచినప్పుడు పిలుస్తారు. గంటలో ముప్పై నిమిషాలకి సరిపడా పని ఉంటే, మీరు పిలిచాక వాడు మీ దగ్గరికి రావడానికి సగటున రెండు నిమిషాలు. ఫర్వాలేదు. నలభై ఎనిమిది నిమిషాల పని ఉంటే ఎనిమిది నిమిషాలు. యాభై నాలుగు నిమిషాల పని ఉంటే పద్దెనిమిది. యాభై ఏడు నిమిషాల పని ఉంటే ముప్పై ఎనిమిది. గమనించారా, పని మూడు నిమిషాలు పెరిగితే మన ఎదురుచూపు రెట్టింపు దాటింది. గంటకి గంటా పని ఉంటే ఇక ఆ వరసకి అంతు ఉండదు. మనకి ఆలస్యం కనిపిస్తుంది కాబట్టి వాడు నెమ్మదిగా ఉన్నాడనుకుంటాం. లెక్క ప్రకారం ఆ గదిలో ఖాళీగా కూర్చున్నవాళ్లం మనం నలభై ఎనిమిది మందిమి, ఖాళీ లేనివాడు వాడొక్కడు. అరగంటలో వాడు ఆగింది ఒక్కసారి చూశాను, సగం గ్లాసు మంచినీళ్లు తాగడానికి.

అలాంటివాడు ఇంకొకడు తోడుంటే? చాలామంది ఆలస్యం సగానికి తగ్గుతుందనుకుంటారు. కాదు. ఆ పద్దెనిమిది నిమిషాలు అర నిమిషం అవుతాయి. నమ్మకపోతే ఎర్లాంగ్ గారి సూత్రం మన లెక్కల మాస్టారు దగ్గర వేయించుకోండి, ఇక్కడే ఉన్నారు. బయటికి వెళ్లేటప్పుడు హోటలాయనకి ఈ మాట చెప్పాను. ఆయన వేళ్లు తుడుచుకుంటూ, "రెండోవాడు ఉన్నాడు సార్, పండక్కి ఊరెళ్లి ఇంకా రాలేదు" అన్నాడు. లెక్కకి అందని కారణాలు ఎప్పుడూ ఉంటాయి.

ఇరవై ఏళ్లుగా కొత్తగా చేరిన ఇంజనీర్లకి నేను ఈ పాఠం చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ ఒక కథతో మొదలుపెట్టేవాడిని. ఆ కథ ఈ బడిది.

బడి ఎదురుగా పెంకుటింట్లో ఒక హోటలు ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పెసరట్టుకి పెట్టింది పేరు. పొట్టు పెసలు రాత్రి నానబోసి, తెల్లవారుజామున రోట్లో అల్లం, పచ్చిమిరపకాయలతో రుబ్బి వేసేవారు. పెనానికి నాలుగు పడతాయి, దాని మీద ఉల్లిపాయలు, జీలకర్ర, లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. పెనం మీద నీళ్లు చల్లిన చుర్రుమన్న చప్పుడు మా తరగతి గదిలోకి వినిపించేది. ఆ చప్పుడుకి సాంఘిక శాస్త్రం ఆగేది. మేం డబ్బులు పోగేసుకుని నెలకోసారి వెళ్లేవాళ్లం. అక్కడా ఆలస్యమే.

తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలు అయ్యాక నా పక్కన కూర్చునేవాడు బడికి రావడం మానేశాడు. వాళ్ల నాన్న మంచాన పడ్డాడని విన్నాం. మాస్టార్లు రెండుసార్లు కబురు పెట్టారు. ఓ నెల తర్వాత మేం హోటలుకి వెళితే, బల్ల తుడుస్తూ కనిపించాడు. వాడి పేరు నేను ఇప్పుడు చెప్పను, చెప్పొద్దన్నాడు. మావైపు వచ్చి, మమ్మల్ని చూసి, గల్లాపెట్టె వైపు ఒకసారి చూసి, "ఏం కావాలండీ" అన్నాడు. అంతకుముందు వారంలో నన్ను ఒరేయ్ అన్నవాడు. ఆ "అండీ" విని మాలో ఒకడు కిసుక్కున నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వలేదు గానీ, ఒరేయ్ అని వాడి చెయ్యి పట్టుకోనూ లేదు. పెసరట్టు చెప్పాను.

పదో తరగతి పరీక్షల్లో లెక్కల పరీక్ష అయిన రోజు మేం ఆరుగురం వెళ్లాం. బాగా రాశామన్న ఊపు మీదున్నాం. నలభై నిమిషాలు దాటినా అట్టు రాలేదు. లోపలి నుంచి వాసన వస్తోంది, అట్టు రావడం లేదు. ఆకలి, ఊపు, పక్కన స్నేహితులు. నేను వంటింటి వైపు తిరిగి, "ఏమయ్యా, లోపల నిద్రపోతున్నావా?" అని అరిచాను. స్నేహితుణ్ని "ఏమయ్యా" అన్నాను. లోపలి నుంచి "వస్తున్నానండీ" అని వినిపించింది. అది చాలక, లేచి గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి యజమానితో "మీ కుర్రాడు పని సరిగ్గా చెయ్యడం లేదండీ" అని చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్లాడు. కాసేపటికి అట్లు వచ్చాయి, వేరే ఆయన తెచ్చాడు. తిని వచ్చేశాం.

నేను ట్రైనింగు క్లాసులో చెప్పే కథ ఇది. తర్వాత ఎర్లాంగ్ సూత్రం బోర్డు మీద రాసి, ఆ కుర్రాడు సోమరి కాదు, వాడి మీద పని భారం మోయలేనంత ఉంది, ఆ వయసులో నాకు ఆ లెక్క తెలియదు అని ముగించేవాడిని. కథ బాగా పండేది. ఒకసారి ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది కూడా.

మొన్న డిసెంబరులో మన సంఘం చిరునామాల పుస్తకానికి మా బ్యాచ్ పేర్లు సేకరించే పని నాకు అప్పజెప్పారు. హెడ్మాస్టరు గారి అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాను. మా సెక్షన్లో ఆరో తరగతిలో చేరినవాళ్లు యాభై రెండు మంది. పదో తరగతి పరీక్ష రాసినవాళ్లు ముప్పై నాలుగు. లోపలికి వచ్చినవాళ్లనీ బయటికి వెళ్లినవాళ్లనీ లెక్కపెట్టడం నా వృత్తి కదా, మిగిలిన పద్దెనిమిది మంది ఎక్కడ అని చూశాను. ఆరుగురు తల్లిదండ్రుల బదిలీ మీద వేరే ఊరి బడికి వెళ్లారు. పన్నెండు మంది పేర్లకి ఎదురుగా ఎర్ర సిరాతో ఒకే మాట. "మానివేసెను". అందులో ఏడుగురు ఆడపిల్లలు. మా లెక్కల్లో వరసలో నిలబడి, తమ వంతు రాకుండానే వెళ్లిపోయినవాళ్లకి ఒక అంకె ఉంటుంది. అది చిన్నగా ఉంటే ఎవరూ పట్టించుకోరు.

ఆ పన్నెండు మందిలో ఒకడిని వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. ఈ ఊళ్లోనే ఉన్నాడు. రైలు గేటు అవతల రేకుల షెడ్డులో మూడు గ్రైండర్లు పెట్టుకుని ఇడ్లీ పిండి, దోసె పిండి, పెసర పిండి రుబ్బి హోటళ్లకి వేస్తాడు. పొద్దున మూడున్నరకి ఒకసారి, సాయంత్రం ఒకసారి. నన్ను గుమ్మంలో చూసి, "రండి, కూర్చోండి" అన్నాడు. ఒరేయ్, నేనురా అన్నాను. తెలుసండీ అన్నాడు. వాళ్లావిడ టీ ఇచ్చింది. కొడుకు కాకినాడలో పాలిటెక్నిక్ చేశాడట, కూతురు నర్సు. నేను అరగంట మాట్లాడాక, నలభై ఏళ్లుగా మోస్తున్నది దింపుదామని, లెక్కల పరీక్ష రోజు సంగతి ఎత్తాను. ఆ రోజు నీ మీద అరిచాను, యజమానికి చెప్పాను, ఒక్కడివీ ఎంత పని చేస్తున్నావో నాకు అప్పుడు తెలియదు, అన్నాను. సూత్రం కూడా చెప్పాననుకుంటాను, అలవాటు కదా.

వాడు గ్రైండరు ఆపి, మొదటిసారి గట్టిగా నవ్వాడు. "ఒరేయ్, పనీ లేదు గినీ లేదురా ఆ రోజు. మధ్యాహ్నం, ఖాళీ. మీరు ఆరుగురే ఉన్నారు. ప్రశ్నపత్రం బల్ల మీద పెట్టి మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. నేను తీసుకుని లోపలికి పోయాను" అన్నాడు.

నాకు ఆ ఒరేయ్ విన్న సంతోషంలో మిగతాది ఆలస్యంగా తలకెక్కింది. వాడు వంటింట్లో నిలబడి మా ప్రశ్నపత్రం మొత్తం చదివాడు. సగం అర్థం కాలేదట. సమితుల లెక్క ఒకటి మాత్రం తొమ్మిదిలో మాస్టారు చెప్పిన పద్ధతిదే. పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసి గోడ మీద చేశాడు. "వచ్చిందిరా" అన్నాడు నాతో, నిన్నో మొన్నో చేసినట్టు. పెనం మీది అట్లు మాడిపోయాయి, మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆలస్యం అందుకు.

మరి యజమాని ఏమన్నాడు అని అడిగాను. "గోడ పాడుచేశానని వారం కూలీ కోసేశాడు. సున్నం నా చేతే వేయించాడు" అన్నాడు. యజమాని సరిగ్గా అప్పుడే వంటింట్లోకి ఎందుకు వచ్చాడో వాడు అనలేదు. తెలియక అనలేదో, తెలిసి అనలేదో నాకు తెలియదు. నేను ముందే చెప్పాను కాబట్టి మళ్లీ చెప్పలేదు. కాసేపు ఇద్దరం గ్రైండరు వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత వాడు లేచి నాకు ఒక పెసరట్టు వేసిచ్చాడు. అదీ ఆలస్యంగానే, ఎందుకంటే పెనం బాగా కాలేదాకా వేయనన్నాడు. అల్లం ఎక్కువ, ఉప్మా లేదు. అంత బాగున్న అట్టు నేను ఈ మధ్య తినలేదు.

కాబట్టి ట్రైనింగు క్లాసులో నా కథ తప్పు. సూత్రం తప్పు కాదు, నిన్న రాత్రి కుర్రాడి విషయంలో అది అక్షరాలా నిజం. కానీ నేను మా వాడికి మంచి పేరు తెస్తున్నాననుకుంటూ, వాడు ఎప్పుడూ చెప్పని కథని వాడికి అంటగట్టాను. పనిభారంతో నలిగిపోయిన కుర్రాడు అని ఇరవై ఏళ్లు చెప్పాను. వాడు ఆ రోజు పరీక్ష రాస్తున్నాడు.

ఇప్పుడు అసలు పని. చిరునామాల పుస్తకంలో వాడి పేరు రాసి సంఘానికి పంపితే, కార్యదర్శి గారు చాలా మర్యాదగా తిప్పి పంపారు. తప్పు ఆయనది కాదు. మన సంఘం నియమావళిలో మూడో నిబంధన ప్రకారం సభ్యులు కాదగినవారు "ఈ పాఠశాల నుండి పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు". యాభై ఏళ్ల కిందట రాసినవాళ్లు ఏ చెడ్డ ఉద్దేశంతోనూ రాయలేదు. అప్పట్లో పదో తరగతి ప్యాసవడం గొప్ప, ఆ గొప్పని పట్టుకుని నలుగురు కలిశారు. కానీ ఆ మాట వల్ల మా సెక్షన్లోనే పన్నెండు మంది ఈ బడిలో చదవనట్టే అయిపోయింది. పరీక్ష తప్పి మళ్లీ రాయనివాళ్లు వేరే. ఈ యాభై ఏళ్లలో ఎంతమందో రిజిస్టర్లు తిరగేస్తే గానీ తెలియదు, ఆ పని నేను చేస్తాను.

నేను కోరేది "ఉత్తీర్ణులైనవారు" తీసేసి "చదివినవారు" అని పెట్టమని. ఒక్క మాట. సవరణ కాగితం మీద ఇరవై మూడు మంది సంతకాలున్నాయి, నిన్న రాత్రి చందువ వేపుడు కోసం ఎదురుచూస్తూ పెట్టిన సంతకాలు కొన్ని ఉన్నాయి, కారం మరకలు ఉంటే క్షమించాలి. అందరికంటే ముందు పెట్టింది, కుర్రాడి మీద అరిచిన మా అమెరికా మిత్రుడే. వెళ్లేటప్పుడు వాడు ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి ఏదో మాట్లాడాడు, ఏమన్నాడో నేను అడగలేదు. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఇది నాలుగో అంశం. అభ్యంతరాలున్నవాళ్లు ఉన్నారని విన్నాను. రెండేళ్లు చదివి మానేసినవాళ్లందరూ వస్తే ఓట్లు ఏమవుతాయని ఒక పెద్దాయన అడిగారు. అది సరైన ప్రశ్నే. కనీసం ఒక విద్యా సంవత్సరం అని హద్దు పెట్టుకోవచ్చు, నాకు పట్టింపు లేదు. భోజనాల తర్వాత మాట్లాడుకుందాం.

భోజనాలంటే గుర్తొచ్చింది. వడ్డనకి రెండు వరసలు పెట్టించాను, వరసకి ముగ్గురు. ఎర్లాంగ్ గారి లెక్క ప్రకారం ఎవరూ ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. అయినా నిలబడితే వడ్డించేవాళ్లని ఏమీ అనకండి, నన్ను అనండి.

మా వాణ్ని కూడా రమ్మన్నాను. సభ్యుడు కాకుండా ఎలా వస్తానన్నాడు. సవరణ అయ్యాకే రా అన్నాను. సాయంత్రం పిండి హోటళ్లకి వేయడం అయ్యాక చూస్తానన్నాడు. ఐదు దాటుతుంది. మూడో వరసలో ఈ చివర ఒక కుర్చీ మీద నా తువ్వాలు వేసి పెట్టాను, దయచేసి దాన్ని ఎవరూ తీయొద్దు. నమస్కారం.